ఎడమ భుజం మీదుగా

రిబనోవా జట్టు బస్సు వంతెన దాటి మా కార్బయేదాలోకి దిగిన చోట పోయిన వారం కథ ఆపాం. ఆ బస్సులో ముందు సీట్లో కూర్చున్న సెర్వాందో కిరోస్ మా ఊరి గని కార్మికుడి కొడుకు. పదమూడేళ్ళు మా ఫుట్‌బాల్ జట్టుకి మిడ్‌ఫీల్డ్‌లో ఆడాడు. స్పెయిన్ దేశపు జట్టు చొక్కా కూడా వేసుకున్నాడు. ఇప్పుడు మేనేజరై, రిబనోవా రేవు పట్నం వాళ్ళ జట్టుని వెంటబెట్టుకుని, సీజన్ చివరి ఆదివారం మా మీదికే వచ్చాడు. గెలిస్తేనే రిబనోవా పై డివిజన్‌కి వెళుతుంది, డ్రా చేసుకుంటే చాలదు. మాకు డ్రా చాలు, ఓడితే మాత్రం కింది డివిజన్‌కి జారిపోతాం. జారితే క్లబ్బే మూతపడుతుందని మా లోయలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బస్సు హోటల్ ముందు ఆగేసరికి గుమ్మంలో సెర్వాందో వాళ్ళ అన్న ఫాలో నిలబడి ఉన్నాడు.

ఫాలో మా మైదానంలో గడ్డి చూసుకుంటాడు. ఆదివారం పూట కూడా పని బట్టలే, బూట్లకి తడి మట్టి. ఆటగాళ్ళు భోజనాల గదిలోకి వెళ్ళాక అన్నదమ్ములిద్దరూ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. కాఫీ వచ్చింది. ఫాలో చక్కెర పొట్లం చింపి, కప్పులో వెయ్యకుండా పక్కన పెట్టాడు.

"చిక్కిపోయావురా," అన్నాడు.

"నువ్వు లావయ్యావు."

"కూర్చుని గడ్డి కోసే ఉద్యోగం కదా. నీలా గీత పక్కన నిలబడి అరిస్తే నేనూ చిక్కుతాను." ఇద్దరూ కాస్త నవ్వారు. ఫాలో కిటికీలోంచి బయటికి చూశాడు. మా ఊరి జల్లు, పడుతోందో లేదో తెలియనంత సన్నగా పడుతోంది. "మైదానం బాగానే ఉంది. నీ పిల్లలు జారిపడరులే."

"అది చెప్పడానికి రాలేదు నువ్వు."

"రాలేదు." ఫాలో కప్పుని అటూ ఇటూ తిప్పాడు. "గని మూసేశారు. సరే అనుకున్నాం. బడిలో తరగతులు కలిపేశారు. స్టేషన్‌లో టికెట్టిచ్చే మనిషిని తీసేశారు. దానికీ సరే అన్నాం. ఇంకేం మిగిలిందిరా ఈ ఊళ్ళో? ఆదివారం సాయంత్రం ఒక్కటే. దాన్ని నీ చేత్తో నువ్వే తీసుకుపోతావా?"

"నన్నేం చెయ్యమంటావు?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు. ఆ గలీసియా కుర్రాడున్నాడు చూడు, బ్రైస్. వాడు లేకపోతే మీ జట్టు గుడ్డిది. వాణ్ణి ఈ ఒక్క పూట కూర్చోబెట్టు. అలిసిపోయాడను. ఏదో ఒకటను. మేనేజర్‌వి, నిన్నెవరు అడుగుతారు?"

సెర్వాందో గొంతు తగ్గించాడు. "ఫాలో, నువ్విప్పుడు ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"నా తమ్ముడితో."

"కాదు. వాళ్ళ మేనేజర్‌తో. లే. లేచి వెళ్ళిపో."

ఫాలో లేచాడు. కుర్చీని జాగ్రత్తగా లోపలికి నెట్టాడు. "సరే. నేను అడగలేదనుకో," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "కానీ విన్నావుగా."

అతను వెళ్ళిన దారిని కాసేపు చూసి సెర్వాందో తల తిప్పేసరికి మెట్ల మీద దోన్యా ఎల్వీరా నిలబడి ఉంది. రిబనోవా క్లబ్బుకి ఆవిడే అధ్యక్షురాలు. చేపలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ తండ్రి నుంచి, క్లబ్బు భర్త నుంచి వచ్చాయి. రెండింటినీ గట్టిగా పట్టుకున్న మనిషి. ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో తెలియదు.

"మీ బంధువా?" అంది.

"మా అన్న."

"మంచిది. పోలికలు బాగా ఉన్నాయి," అని పైకి వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక, ఆటగాళ్ళందరూ కునుకు తీస్తున్న వేళ, సెర్వాందో గది తలుపు ఎవరో తట్టారు. తీస్తే బ్రైస్. ఇరవై రెండేళ్ళవాడు. తండ్రి చేపల పడవ మీద సముద్రంలో ఉంటాడు. మధ్యలో నిలబడి బంతి తన దాకా రాకముందే మైదానమంతా చదివేసే ఆటగాడు. సెర్వాందో వయసులో ఉన్నప్పుడు ఎలా ఆడేవాడో వీడూ అలాగే ఆడతాడని మా ఊరి వాళ్ళు కూడా ఒప్పుకుంటారు, అయిష్టంగానే.

"మిస్టర్, తొడ వెనక ఏదో పట్టేసినట్టుంది," అన్నాడు బ్రైస్. మేనేజర్‌ని ఆటగాళ్ళు మిస్టర్ అనే పిలుస్తారు. "పెద్దదేం కాదు. పొద్దున ఒళ్ళు సాగదీస్తుంటే టప్పుమంది."

"పడుకో."

బ్రైస్ మంచం మీద బోర్లా పడుకున్నాడు. సెర్వాందో బొటనవేలితో మోకాలి పైనుంచి మెల్లగా నొక్కుకుంటూ వెళ్ళాడు. ఒకచోట కుర్రాడి పాదం ఎగిరిపడింది. దుప్పటి అంచుని పళ్ళతో కొరికి పట్టుకున్నాడే గాని నోరు తెరవలేదు. సెర్వాందోకి ఇక చూడక్కర్లేకపోయింది. సరిగ్గా ఆ చోటే, అదే కండరం, అతనికి ఇరవై తొమ్మిదో ఏట తెగింది. పట్టేసిందని తెలిసీ ఆడాడు. ఆడమన్నవాళ్ళు అందరూ భుజం తట్టినవాళ్ళే. ఆ తర్వాత మూడేళ్ళు చొక్కా వేసుకున్నాడు గాని, పరుగెత్తుతున్న సెర్వాందోని మళ్ళీ ఎవరూ చూడలేదు.

"ఆడవు నువ్వు," అన్నాడు.

బ్రైస్ లేచి కూర్చున్నాడు. "ఆడతాను మిస్టర్. కట్టు గట్టిగా కడితే..."

"ఆడవన్నాను. డాక్టర్ని పిలుస్తాను."

"వద్దు, దండం పెడతాను. డాక్టర్‌కి తెలిస్తే దోన్యా ఎల్వీరాకి తెలుస్తుంది. ఆవిడకి తెలిస్తే నన్ను తీసుకుంటామన్న మద్రిద్ క్లబ్బు వాళ్ళకి తెలుస్తుంది. మంగళవారం వాళ్ళు నా ఒళ్ళు పరీక్ష చేస్తారు. ఆ పాటికి తగ్గిపోతుంది, నాకు తెలుసు. మా నాన్న వచ్చే వారం ఒడ్డుకొస్తాడు. ఆయనకి ఈ మాట నేనే చెప్పాలని ఇంకా చెప్పలేదు."

సెర్వాందో కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కింద వీధిలో నీలం, తెలుపు కండువాలు వేసుకుని మా వాళ్ళు ఆపిల్ పళ్ళు పులియబెట్టిన సిద్రా సీసాలతో మైదానం వైపు నడుస్తున్నారు. ఇంకా చాలా సమయం ఉన్నా ఇంట్లో కూర్చోలేక బయల్దేరినవాళ్ళు.

"నేను ఎవరికీ చెప్పను," అన్నాడు చివరికి. "కానీ నువ్వు చెప్పాలి. మంగళవారం వాళ్ళు నీ మీద చెయ్యి వెయ్యకముందే, నీ నోటితో. దాచి వెళ్ళావంటే మొదటి పరుగులోనే బయటపడుతుంది. అప్పుడు నీ కాలూ పోతుంది, మాటా పోతుంది. ఇవాళ బెంచీ మీద కూర్చుంటావు. లేవవు."

కుర్రాడు వెళ్ళాక గాని ఆ సంగతి అతనికి తట్టలేదు. తట్టగానే మంచం అంచున కూలబడ్డాడు. మధ్యాహ్నం అన్న వచ్చి ఏది అడిగాడో సాయంత్రం తను అదే చేస్తున్నాడు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినవాడి సంగతే. పాలని చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా మాట ఇచ్చేశాడు.

పదకొండు మంది పేర్లు చదివినప్పుడు గదిలో ఎవరూ కదల్లేదు. కెప్టెన్ గోయో ఆర్తిమే ఒక్కడే తల ఎత్తాడు. వెనక వరసలో ఆడే మనిషి, మాట తక్కువ, చూపు సూటి. "బ్రైస్ పేరు మర్చిపోయారు, మిస్టర్."

"మర్చిపోలేదు."

గోయో బ్రైస్ వైపు చూశాడు. బ్రైస్ గోడ వైపు చూశాడు.

బస్సు ఎక్కేముందు దోన్యా ఎల్వీరా గొడుగు విప్పి సెర్వాందోని దాని కిందికి రమ్మంది. దూరం నుంచి చూస్తే తల్లీకొడుకులు మాట్లాడుకుంటున్నట్టుంది.

"కిరోస్, నేను ఫుట్‌బాల్ గురించి మీకు చెప్పేదాన్ని కాదు. చేపల గురించి నాకెవరైనా చెబితే ఒప్పుకోను, అలాగే ఇదీ. కానీ కళ్ళున్నాయి. మధ్యాహ్నం మీ అన్నగారొచ్చారు. సాయంత్రం బ్రైస్ లేడు. నేనేం అనుకోవాలి?"

"మీకేం తోస్తే అది అనుకోండి."

"అది జవాబు కాదు."

"నా దగ్గర ఉన్నది అదొక్కటే."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "నేను మిమ్మల్ని తెచ్చినప్పుడు, కార్బయేదా వాడు కార్బయేదా మీద గెలవడు అన్నారు మా వాళ్ళు. గెలుస్తాడు, అతను పనివాడు అన్నాను. ఆ మాట నిలబెట్టండి. నిలబెట్టలేకపోతే తిరుగు ప్రయాణంలో ఈ బస్సులో మీకు సీటు ఉండదు. ఎలాగూ మీ ఇల్లు ఇక్కడే కదా."

మైదానం లోపలి దారిలో రెండు జట్లూ ఎదురుపడ్డాయి. మా కెప్టెన్ మోంచు వరస వదిలి వచ్చి సెర్వాందోని పట్టుకుని ఊపేశాడు. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు, ఒకే చొక్కా వేసుకున్నారు. సెర్వాందో మానేసినా మోంచు ఇంకా ఆడుతూనే ఉన్నాడు, మా గోల్ ముందు గోడలా.

"ముసలోడా, ఇంకా పరుగెడుతున్నావా?" అన్నాడు సెర్వాందో.

"నువ్వు మానేశావు కదా, నీ వంతు కూడా నేనే పరుగెడుతున్నా. ఇవాళ్టితో సరి. జట్టుని నిలబెట్టి, బూట్లు మేకుకి తగిలించేస్తాను. ఆట అయ్యాక సిద్రా తాగడానికి చిగ్రెకి వస్తావుగా? రాకపోతే మా ఆవిడ ఫాబాదా కూర కుండతో సహా రిబనోవా దాకా వస్తుంది."

"వస్తాను," అన్నాడు సెర్వాందో.

అతను దారిలోంచి బయటికి అడుగుపెట్టాడు. మేం ఈలలు వేస్తామని, తిడతామని అనుకుని, దానికి సిద్ధపడే వచ్చాడు. కానీ పదకొండు మంది పేర్లు అప్పటికే మైకులో చదివేశారు. బ్రైస్ పేరు అందులో లేకపోవడం మేమందరం విన్నాం. ముందు పెద్ద గ్యాలరీలో ఒకరిద్దరు లేచారు. తర్వాత వరసలకి వరసలు లేచాయి. చివరికి మైదానమంతా నిలబడి చప్పట్లు కొట్టింది. సెర్వాందో, నువ్వు మావాడివే అని ఎవరో మొదలుపెడితే వేల గొంతులు అందుకున్నాయి. ఆ గొంతుల్లో నాదీ ఉంది. మేం మంచే చేస్తున్నామనుకున్నాం.

రిబనోవా ఆటగాళ్ళు గీత దగ్గర ఒళ్ళు వేడెక్కించుకుంటూ ఆగిపోయారు. ఒక్కొక్కరే తల తిప్పి తమ మేనేజర్ వైపు చూశారు. సెర్వాందో చెయ్యి ఊపలేదు, తల వంచలేదు. బెంచీ దాకా నడిచి వెళ్ళి కూర్చున్నాడు. మూల దగ్గర పార పట్టుకుని నిలబడ్డ ఫాలో గుండె మీద చెయ్యి వేసుకుని తమ్ముడికి తల పంకించాడు. కృతజ్ఞతతో అతని కళ్ళు తడిసి ఉన్నాయి. ఆ తడి చూడలేక సెర్వాందో మొహం తిప్పుకున్నాడు.

ఫాలో చెప్పింది నిజమే. బ్రైస్ లేని రిబనోవా గుడ్డిది. బంతి వాళ్ళ కాళ్ళ దగ్గరికి వచ్చి ఎటు పోవాలో తెలియక నిలిచిపోయేది. హాఫ్ టైమ్‌కి కాస్త ముందు మా వాళ్ళు కార్నర్ కొట్టారు. మోంచు అందరికంటే ఎత్తుకి లేచి తలతో కొట్టాడు. బంతి వలలో పడ్డాక మైదానంలో ఎవరి మాట వాళ్ళకే వినబడలేదు.

రిబనోవా వాళ్ళ గదిలో తలుపు మూసుకున్నా ఆ హోరు గోడల్లోంచి వస్తూనే ఉంది. సెర్వాందో మాట్లాడబోతే గోయో లేచాడు. చేతికున్న కెప్టెన్ పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు.

"మిస్టర్, ముందు నాకొక మాట చెప్పండి. తర్వాత మీరు ఆట గురించి చెబుదురుగాని."

"అడుగు."

"బయట మీకు చప్పట్లు కొట్టారు. ఎందుకు?"

"నేనిక్కడ ఆడినవాణ్ణి."

"నేనూ ఇదివరకు ఆడిన ఊళ్ళకి ఎన్నోసార్లు వెళ్ళాను. నా తల్లిని, చెల్లిని తలుచుకుంటారు గాని చప్పట్లు కొట్టరు. మీరు ఆడినందుకు కాదు, మిస్టర్. వీడు ఆడనందుకు." గోయో బ్రైస్ వైపు వేలు చూపించాడు. "అదిగో, ఉన్నాడు. బెంచీ మీద బంగారు బొమ్మలా కూర్చున్నాడు. వాణ్ణి దింపండి. మేమందరం నోరు మూసుకుంటాం."

"దింపను."

"ఎందుకు?"

"చెప్పలేను."

ఎవరో బూటుతో నేలని తన్నారు. గోయో గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేదనిపించింది సెర్వాందోకి. "నా కూతురు రాత్రి ఫోన్ చేసి, నాన్నా, రేపు పైకి వెళ్ళిపోతారా అని అడిగింది. వెళతాం అన్నాను. నాకింక సీజన్లు లేవు, మిస్టర్. ఇదే ఆఖరుది. మీరు మమ్మల్ని అమ్మేశారని నేననను. కానీ మీరు గెలవాలనుకుంటున్నారో లేదో తెలీకుండా ఆ తలుపు దాటి బయటికి వెళ్ళను."

బ్రైస్ పెదవులు కదిలాయి. చెబుతాడేమోనని సెర్వాందో ఎదురుచూశాడు. ఆపలేదు, ప్రోత్సహించలేదు. కుర్రాడి మొహంలోకి రక్తం ఎక్కింది, దిగింది. తల దించుకుని, ఊడని లేసుని ఊడదీసి మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టాడు.

గదిలో అందరి కళ్ళూ సెర్వాందో మీదే ఉన్నాయి. ఈ మనుషుల్ని ఏడాదంతా తన వెంట నడిపించుకున్నాడు. వానలో, మంచులో, కాళ్ళకి కట్లతో, అతను చెప్పిన చోటికల్లా వెళ్ళారు. వాళ్ళకిప్పుడు నమ్మకం కావాలి. మాటతో వచ్చే నమ్మకం అయిపోయింది. ఇంకేదైనా ఇవ్వాలి. ఇవ్వడానికి అతని దగ్గర ఒకటుంది. వారమంతా అది నాలుక కిందే ఉంది. ఉందని ఒప్పుకోకుండానే దాచుకున్నాడు.

కిందటి చలికాలం మోంచు ఫోన్ చేసి, ఓవియేదోకి కారులో తీసుకెళ్ళమన్నాడు. ఎందుకో దారంతా చెప్పలేదు. కళ్ళ డాక్టరు గదిలోంచి బయటికొచ్చాక చెప్పాడు. ఎడమ కంటికి పక్క చూపు పోయింది. ముందున్నది కనిపిస్తుంది, ఎడమ పక్క నుంచి వచ్చేది కనబడదు. ఆట మానెయ్యమన్నాడు డాక్టరు, ఇంకో దెబ్బ తగిలితే ఉన్నదీ పోతుందన్నాడు. తిరుగు దారిలో మోంచు కారు ఆపించి, రోడ్డు పక్కన నిలబడి సెర్వాందో చేత ఒట్టు వేయించుకున్నాడు. జట్టు నిలబడేదాకా ఈ మాట ఇద్దరి మధ్యనే. మా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. అతని భార్యకీ తెలియదు.

సెర్వాందో గోడకున్న నల్లబల్ల దగ్గరికి వెళ్ళాడు. సుద్దముక్క తీసుకున్నాడు. గీత గియ్యలేదు.

"వాళ్ళ నాలుగో నంబరు," అన్నాడు. "మోంచు. బంతిని అతని ఎడమ భుజం మీదుగా పంపండి. ఎత్తుగా, వెనక నుంచి. లిసార్దో, నువ్వు అతని వెనక దాక్కో. అతనికి బంతి కనబడదు. నువ్వూ కనబడవు."

"కనబడదంటే?" అన్నాడు లిసార్దో. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ అతను.

"కనబడదంటే కనబడదు."

గోయో కళ్ళు చికిలించాడు. "ఈ సంగతి మీకెలా తెలుసు?"

"అతనే చెప్పాడు."

గదిలో నిశ్శబ్దం మారింది. ఇందాకటిది కోపంతో వచ్చిన నిశ్శబ్దం. ఇది అలాంటిది కాదు. ఎదురు జట్టు కెప్టెన్ ఇతన్ని పట్టుకుని ఊపడం, చిగ్రెకి రమ్మనడం అందరూ చూసినదే.

"మీద పడకండి," అన్నాడు సెర్వాందో. "తలకి తల తగలకూడదు. పక్కనుంచి జారిపోవాలంతే."

"మైదానంలో అది మన చేతిలో ఉంటుందా, మిస్టర్?" అన్నాడు గోయో. అది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. బల్ల మీది పట్టీ తీసుకుని చేతికి తొడుక్కున్నాడు. "పదండ్రా," అన్నాడు మిగతావాళ్ళతో.

రెండో సగం మొదలయ్యాక మాకేమీ అర్థం కాలేదు. గుడ్డిగా తిరిగిన జట్టుకి ఉన్నట్టుండి దారి తెలిసింది. బంతి వచ్చిన ప్రతిసారీ గోయో దాన్ని ఆపి, తల ఎత్తి, ఒకే చోటికి కొట్టేవాడు. మొదటిసారి మోంచు కాలికి అడ్డం తగిలి బయటికి పోయింది. రెండోసారి మా గోల్‌కీపర్ ముందుకొచ్చి పట్టుకున్నాడు. మోంచుకి ఈ రోజు కాళ్ళు ఆడటం లేదేమిటి అని నా పక్కనున్నాయన గొణిగాడు.

మూడోసారి బంతి ఎత్తుగా లేచి, జల్లులో మెరిసి, మోంచు ఎడమ భుజం వెనక దిగుతోంది. మోంచు మెడ మొత్తం తిప్పాడు. ఆ తిప్పడం ఒక్క క్షణం ఆలస్యమైంది. లిసార్దో అతని వెనకనుంచి జారి తల పెట్టాడు. మోంచు గాల్లోకి లేచాడు, బంతిని అడ్డుకోబోయిన మా గోల్‌కీపర్ పిడికిలి అతని ఎడమ కనుబొమ్మ మీద పడింది. బంతి గీత దాటింది. మోంచు గడ్డి మీద మొహం పెట్టి పడిపోయాడు.

రిబనోవా బెంచీ అంతా లేచి ఒకరినొకరు కౌగిలించుకున్నారు. సెర్వాందో కూర్చున్నచోటే ఉన్నాడు. ఒకటి, ఒకటి. ఈ లెక్కతో ఆట ముగిస్తే మేం నిలుస్తాం, రిబనోవా ఉన్న డివిజన్‌లోనే మిగిలిపోతుంది.

మోంచుని గీత దాటించి, రిబనోవా బెంచీ పక్కనే కూర్చోబెట్టారు. దగ్గర్లో ఉన్న చోటు అదే. మా వైద్యుడు దూదితో రక్తం తుడిచి, కట్టు కోసం పెట్టె వెతుకుతున్నాడు. రక్తం మోంచు మెడ మీదుగా నీలం చొక్కాలోకి కారుతోంది. అతను తల ఎత్తి సెర్వాందోని చూశాడు. చూడటానికి మొహమంతా ఇటు తిప్పాల్సి వచ్చింది.

"చెప్పేశావా, సెర్వా?" అన్నాడు మెల్లగా.

సెర్వాందో బెంచీ అంచుకి జరిగాడు.

"ఒకసారి వస్తే పొరపాటున వచ్చిందనుకుంటాం. ప్రతిసారీ అటే వస్తోందిరా."

"బయటే ఉండిపో, మోంచు. మార్చమని చెప్పు. నీ కన్ను..."

"నా కన్ను గురించి నువ్వు నాకు చెప్పకు." అందులో కోపం లేదు. అలసట ఉంది, అది ఇంకా బరువుగా తగిలింది. "ఏమని చెప్పి ఉండిపోను? ఇన్నాళ్ళూ సగం గుడ్డివాణ్ణి ఆడించారని చెప్పనా? చప్పట్లు విన్నప్పుడు నేనూ అనుకున్నాను, సెర్వా మన కోసమే ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టాడని. నాకు సిగ్గేసింది. నువ్వలాంటి వాడివి కావే అనుకున్నాను. కావు. నిజమే, నువ్వు అలాంటి వాడివి కావు."

వైద్యుడు కట్టు బిగించాడు. తెల్లగుడ్డ కట్టగానే ఎర్రబడింది. మోంచు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి నిలబడ్డాడు.

"నేను మళ్ళీ అక్కడే నిలబడతాను," అన్నాడు. "నీవాళ్ళు మళ్ళీ అటే పంపుతారు. ఆపాలనిపిస్తే ఆపుకో. నన్నడక్కు."

రిఫరీ చెయ్యి ఊపాడు. మోంచు లోపలికి నడిచాడు. మా గ్యాలరీలన్నీ లేచి అతని పేరు పిలుస్తున్నాయి. వెనకనుంచి ఎవరో సెర్వాందో చొక్కా చెయ్యి పట్టుకున్నారు. చూస్తే బ్రైస్. కోటు విప్పేశాడు. మొహం పాలిపోయి ఉంది.

"నేను దిగుతాను, మిస్టర్. అంతా విన్నాను. నేనుంటే బంతి అటు పంపక్కర్లేదు. మధ్యలోంచి ఆడొచ్చు. లిసార్దోకి కాళ్ళ దగ్గరికే ఇస్తాను. ఆయన మీదికి ఎవరూ వెళ్ళరు."

"నీ కాలు తెగుతుంది."

"తెగితే తెగనివ్వండి. నేను గదిలో నోరు తెరిచి ఉంటే మీరు అది చెప్పేవారు కాదు. నాకు తెలుసు."

"మంగళవారం?"

బ్రైస్ గీత మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. నొప్పి ఉన్న కాలు కాదది, బరువంతా దాని మీదే వేశాడు. వెనక గ్యాలరీలో దోన్యా ఎల్వీరా లేచి నిలబడి ఉంది. ఆవిడ చూపు ఆట మీద లేదు.

ఆట ఇంకా చాలానే ఉంది, డ్రాతో తృప్తిపడలేని జట్టుకి మాత్రం ఎంతో లేదు. మోంచు రక్తం కట్టుతో తన చోటుకి చేరి, ఎడమ వైపు మెడ తిప్పి ఒకసారి చూసుకున్నాడు. లిసార్దో అప్పుడే అతని వెనకకి వచ్చి నిలబడ్డాడు. గోయో బంతిని ఆపి, కాలి కింద తొక్కిపెట్టి, ఎటు పంపమంటారన్నట్టు బెంచీ వైపు చూశాడు.

సెర్వాందో బ్రైస్ చేతిలోంచి తన చొక్కా విడిపించుకుని, గీత దాకా నడిచి, చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి ఎటు చూపించిందో వచ్చే వారం చెబుతాను.